చుక్కడు ఎందుకు చాలు తప్పాడు?

ఎర్రగుట్ట కింద ఒక పశువుల ఊరుంది. దారి మాత్రం అడక్కండి, నాకూ తెలియదు. ఆ ఊళ్ళో మనుషులు లేరు. దున్నడం, విత్తడం, నూర్చడం అన్నీ పశువులే చేసుకుంటాయి. ముడులు వేయడానికి డెక్కలు పనికిరావు గనక కాడి కట్టడానికి ఒక ముసలి కోతిని పెట్టుకున్నాయి.

ఊరన్నాక బడి ఉండాలిగా! అక్కడిది కాడిబడి. పాలు మానిన కోడెదూడలన్నీ పొద్దున్నే అక్కడికి పోవాలి. ఒక్కొక్కటీ మైలెద్దు మేష్టారి పక్కన కాడి కింద మెడ పెట్టి, వెనక ఓ దుంగను లాగుతూ, దున్నిన చాలు వెంబడి తిన్నగా నడవడం నేర్చుకోవాలి. చదువంటే అంతే. వినడానికి సులువే, మీరోసారి మెడ పెట్టి చూడండి తెలుస్తుంది.

మైలెద్దు మేష్టారు మంచివారే. ఒళ్ళు దాచుకునే రకం కాదు. కాకపోతే పట్టింపులు జాస్తి. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళు ఎదురుపడితే నోటితో పలకరించరు, కొమ్ములు కిందికి వంచుతారు. ఆయన కొమ్ములు వంచాక అవతలివాళ్ళు వంచలేదో, ఆ పూట ఆయనకి గడ్డి దిగదు. కాడి దగ్గరా అంతే పట్టింపు. ఎప్పుడూ ఆయన దాపట, అంటే ఎడమపక్క. శిష్యుడు వలపట, అంటే కుడిపక్క. వాళ్ళ తాతలనాటి నుంచీ అదే పద్ధతి.

ఆ బడిలో చుక్కడని ఒక దూడ ఉండేవాడు. నుదుటి మీద తెల్లచుక్క, సన్నటి కాళ్ళు, మాట తక్కువ. వాడికి కాడి పెడితే నాలుగడుగులు బాగానే వేసేవాడు. అయిదో అడుగుకి కుడిపక్కకి ఒరిగిపోయేవాడు. పది అడుగులకి దుంగ వెళ్ళి గట్టెక్కేది. మేష్టారు ఎడమకి లాగేకొద్దీ వాడు కుడికి ఒరిగేవాడు.

"ఒరేయ్, చాలు కనబడట్లేదురా?"

"కనబడుతోంది మేష్టారూ."

"మరి అటెందుకు పోతావ్?"

చుక్కడు మళ్ళీ చాల్లోకి వచ్చి నిలబడేవాడు. వాడికి మాత్రం ఏం తెలుసు పాపం! తోటి దూడలన్నీ 'వంకరోడు' అని పేరు పెట్టి పడీ పడీ నవ్వేవి. పైగా వాడు రోజూ ఆలస్యంగా వచ్చేవాడు. ఎందుకు ఆలస్యమయిందంటే నోరు విప్పేవాడు కాదు.

ఇదంతా ఏ ఊళ్ళోనైనా ఉండేదే. కానీ ఆ ఊళ్ళో ఒక కట్టుబాటుంది. దుక్కులు మొదలయ్యే ఏరువాక నాడు ప్రతి దూడా అందరి ముందూ మూడు చాళ్ళు నడవాలి. నడవలేని దూడకి పొలంలో పని లేదు. పని లేనివాడికి కొట్టంలో చోటు లేదు. గుట్ట మీదికి పోయి వాడి మేత వాడు చూసుకోవాలి. గుట్ట మీద తోడేలుంది. పోయినేడు వెళ్ళిన దూడ గురించి ఊళ్ళో ఎవరూ మాట్లాడరు.

ఏరువాక ఇంకా పదిహేను రోజులుంది.

ఆ ఊరికీ గుట్టకీ మధ్య తిరిగే నక్క ఒకడున్నాడు, జంబయ్యని. వాడి వృత్తి సలహాలివ్వడం. అడిగినా ఇస్తాడు, అడక్కపోయినా ఇస్తాడు. ఓ రోజు గుట్ట మీద తోడేలు వాణ్ణి పట్టుకుని గర్రుమంది.

"ఏం జంబయ్యా, ఈ ఏడు ఏమైనా ఉందా లేదా? ఆగలేకపోతున్నాను. కిందికి దిగి ఒకదాన్ని ఎత్తుకొచ్చేస్తా."

"అంత పని చేయకు మావా! మంద మందంతా కొమ్ములు దించితే నీ పేగులు గట్టు మీదుంటాయి. ఆ చుక్కగాణ్ణి వాళ్ళే చేతులారా పంపుతారు, చూస్తూ ఉండు."

"ఎందుకు పంపుతారు?"

"ఆ దూడని కనిపెట్టుకుని ఉండేది ఇద్దరే, వాళ్ళమ్మా, మేష్టారూ. ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోకుండా చూస్తే చాలు. మిగతాదంతా వాళ్ళే చేసేస్తారు."

ఎంత దుర్మార్గుడో చూడండి. దుర్మార్గుడే కానీ లెక్క తప్పినవాడు కాదు.

జంబయ్య ముందు చుక్కడి తల్లి దగ్గరికెళ్ళాడు. ఆవిడ పేరు పుల్లమ్మ, ఎర్రమట్టి రంగు ఆవు.

"చెల్లెమ్మా, చెప్పకూడదు గానీ, మేష్టారు నీ మీద నిప్పులు చెరుగుతున్నాడమ్మా. నీ కొడుక్కి మొద్దుతనం నీ పోలికేనట. నువ్వు బడి గుమ్మం తొక్కితే ఊరుకోనన్నాడు."

పుల్లమ్మ నెమరు ఆపేసింది. "నేను వాళ్ళకేం చేశాను అన్నయ్యా?"

"అదే నేనూ అన్నాను. నువ్వు అటు వెళ్ళకు, నేనున్నాగా, నేను మాట్లాడతా."

అక్కణ్ణించి తిన్నగా మేష్టారి దగ్గరికి.

"మేష్టారూ, తమరి ఓర్పుకి దండం పెట్టాలి. ఆ పుల్లమ్మ ఏమంటోందో తెలుసా? మేష్టారికే నడవడం రాదు, ఇక నా కొడుక్కేం నేర్పుతాడు, అంటోంది."

మేష్టారి ముక్కుపుటాలు అదిరాయి. "అనే ఉంటుంది. మొన్న కొడుకుని దింపి వెళుతూ గేటు దగ్గర ఎదురైంది. పెద్దవాణ్ణి, నేనే ముందు కొమ్ములు వంచాను. తల కూడా తిప్పకుండా పోయిందయ్యా!"

"అయ్యయ్యో! అలాంటి తల్లి కొడుకు ఎలా బాగుపడతాడండీ? నాకు తెలిసిన బడి ఒకటుంది. కొండబడి. చదువు రాని పిల్లల కోసమే పెట్టారు. మెత్తటి గడ్డి, చల్లటి నీడ, కాడి అనేదే లేదు. ఏరువాక నాడు వాణ్ణి నా వెంట పంపండి, తమకీ పీడా వదులుతుంది."

మేష్టారు నిట్టూర్చారు. పోయినేటి దూడ గుర్తొచ్చి ఆయనకి నిద్ర సరిగా పట్టడం లేదు. గుట్ట మీద ఒంటరిగా వదిలే కన్నా ఏదో ఒక బడి నయం కదా అనుకున్నారు. "సరే చూద్దాం" అన్నారు.

ఆ మాటన్నప్పుడు ఆయన వీపు మీద ఒక గోరింక కూర్చుని పిడుదులు ఏరుతోంది. దాని అసలు పేరు అందరూ మర్చిపోయారు. ఎవరేం చెప్పినా "ఎందుకు?" అంటుంది గనక ఎందుకమ్మ అని పిలుస్తారు. నాకైతే అలాంటివాళ్ళంటే ప్రాణం. ఊళ్ళోవాళ్ళకి మాత్రం తలనొప్పి.

జంబయ్య అటు వెళ్ళగానే ఎందుకమ్మ మొదలుపెట్టింది.

"మేష్టారూ, చుక్కడు చాలు ఎందుకు తప్పుతాడు?"

"మొద్దు గనక."

"మొద్దయితే ఓసారి ఇటూ ఓసారి అటూ తప్పాలి కదండీ. ఎప్పుడూ కుడికే ఎందుకు?"

"నేను ఎడమపక్కుంటాను కదా! నేనంటే గిట్టక అవతలికి జరుగుతాడు."

"ఎందుకు గిట్టదు?"

"వాళ్ళమ్మ నూరిపోసింది గనక."

"ఆవిడ ఎందుకు..."

"నీకు పిడుదులు దొరకలేదా ఇవాళ?" అని మేష్టారు తోక ఒక్కటి విసిరారు. ఎందుకమ్మ ఎగిరిపోయింది. కానీ ప్రశ్న దాని ముక్కులోనే ఉండిపోయింది.

వెళ్ళి చుక్కడి కొమ్ము మొలకల మధ్య వాలింది.

"ఒరే చుక్కా, కుడిపక్క నీకేం కనబడుతుందిరా?"

"ఏం లేదత్తా."

"మరి అటెందుకు పోతావు?"

"కాళ్ళే పోతాయి."

"పొద్దున్నే ఎందుకు ఆలస్యం?"

"చెప్పకూడదు."

"ఎందుకు చెప్పకూడదు?"

"అమ్మ చెప్పొద్దంది." అంతే, వాడి కళ్ళలో నీళ్ళు. ఎందుకమ్మ కూడా ఇంకేం అడగలేకపోయింది. అది ప్రశ్న మింగేయడం నాకు తెలిసి అదే మొదటిసారి.

అడగడం మానింది గానీ చూడ్డం మానలేదు. మర్నాడు తెల్లారగానే పుల్లమ్మ కొట్టం మీద వాలింది. తల్లీ కొడుకూ వాగుకి బయల్దేరారు. తల్లికి ఎడమపక్కన కొడుకు. పోయేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే. దారి ఇరుకైతే కొడుకు ముళ్ళలో అయినా నడుస్తాడు గానీ ఎడమపక్క వదలడు. ఎడమవైపు గుంట వస్తే కుడిభుజంతో తల్లిని మెల్లగా అవతలికి నెడతాడు. ఆవిడ జరుగుతుంది. గుంట దాటాక మళ్ళీ దారిలోకొస్తారు. ఒక్క మాట ఉండదు ఇద్దరి మధ్యా.

"ఎందుకబ్బా?" అనుకుంది ఎందుకమ్మ.

మెల్లగా వెళ్ళి పుల్లమ్మ కుడికొమ్ము మీద వాలి, కుడికన్ను ముందు రెక్క ఆడించింది. పుల్లమ్మ టక్కున రెప్ప వేసి, "ఛీ, పో" అని చెవి విదిలించింది. ఎగిరి ఎడమకొమ్ము మీద వాలి, ఎడమకన్ను ముందు రెక్క ఆడించింది. రెప్ప పడలేదు. ఇంకా దగ్గరగా ఆడించింది. కన్ను నిగనిగలాడుతూ చక్కగానే ఉంది, చూపు లేదంతే.

"వదినా!" అంది ఎందుకమ్మ. "ఈ కన్ను ఎప్పుడు పోయింది?"

పుల్లమ్మ వెనక్కి అడుగేసింది. చుక్కడు తల్లికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఆ సన్నటి కాళ్ళతో వాడు ఎవరిని ఆపుతాడో గానీ, నిలబడ్డాడు.

"ఎవరికీ చెప్పకు ఎందుకమ్మా, నీకు దండం పెడతా. పోయిన వేసవిలో తుమ్మముల్లు గుచ్చుకుంది. గుడ్డిదని తెలిస్తే నన్ను గుట్ట మీదికి తోలేస్తారు. పాలు కూడా మానకముందు నుంచీ వీడే నా కన్ను. వీడు లేకపోతే ఆ గుంటల దారిలో వాగుకి పోలేను."

"మరి మేష్టారికి చెప్పొచ్చుగా, ఆయన..."

"ఆయనా! నేను గుమ్మం తొక్కితే ఊరుకోనన్నాడట!"

"ఎవరన్నారు?"

"జంబన్నయ్య."

ఎందుకమ్మ తల ఇటూ అటూ తిప్పింది. మేష్టారికి పుల్లమ్మ తిట్లు మోసిందీ జంబయ్యే, పుల్లమ్మకి మేష్టారి తిట్లు మోసిందీ జంబయ్యే. "ఆ రోజు గేటు దగ్గర మేష్టారు నీకు ఎటుపక్కన నిలబడ్డారు వదినా?"

"మేష్టారా? ఏ రోజు? నేనసలు ఆయన్ని చూడందే!"

ఇక ఆగుతుందా! జంబయ్య మోసిన మాటలన్నీ ఇద్దరికీ చెప్పి, కలిసి మాట్లాడుకోమని ఒప్పించడానికి ఎందుకమ్మకి మూడు రోజులు పట్టింది. పుల్లమ్మకి భయం, మేష్టారికి పంతం. చివరికి ఒక మధ్యాహ్నం, బడి వదిలాక, ఇద్దరినీ గేటు దగ్గర ఎదురెదురుగా నిలబెట్టింది. ఈసారి మేష్టారు ఆవిడ కుడికంటి వైపు ఉన్నారు. పుల్లమ్మ ఆయన్ని చూసీ చూడగానే కొమ్ములు నేలకి ఆనేదాకా వంచింది.

మేష్టారు తెల్లబోయారు. "మరి ఆ రోజు..."

"నా ఎడమకంటికి చూపు లేదు మేష్టారూ," అంది పుల్లమ్మ. అంత రహస్యమూ ఒక్క ముక్కలో వచ్చేసింది.

 మేష్టారు కూడా కొమ్ములు వంచారు. "నన్ను క్షమించమ్మా. పోయినేటి దూడ కూడా చాలు తప్పేది. ఎందుకని నేను ఒక్కసారీ అడగలేదు. వాళ్ళింటి దాకా ఒక్క రోజూ వెళ్ళలేదు" అన్నారు. ఆయన ముక్కు చీదితే గేటు దగ్గర దుమ్ము లేచింది. ఎంత పెద్ద ఎద్దో, చూస్తే జాలేసింది.

"ఏడుపులు తర్వాత," అంది ఎందుకమ్మ. "మేష్టారూ, చుక్కడికి తోడంటే కుడిపక్కనుండే అమ్మ. భుజం కుడికి ఆనించి నడవడమే వాడికి నడక. మీరేమో ఎడమనుంటారు. వాడు కుడికి ఒరిగి అమ్మని వెతుక్కుంటున్నాడు, అక్కడ గాలి తప్ప ఎవరూ లేరు. వాణ్ణి దాపట కట్టండి, మీరు వలపటికి రండి."

"నేను వలపటా! మా తాతలనాటి నుంచీ గురువు దాపటే!"

"ఎందుకు?"

మేష్టారు తాతల పేర్లన్నీ తలుచుకుంటూ కాడి దగ్గరికి నడిచారు, చుక్కణ్ణీ రమ్మన్నారు.   

"కోతీ, కట్టరా," అన్నారు.

ఇక చూడాలి ఆ చోద్యం! వలపట మెడ పెట్టగానే మేష్టారికి కాళ్ళు తడబడ్డాయి. ఇన్నేళ్ళూ ఎడమన నడిచిన ఒళ్ళు కదా, ఎటు బరువు వేయాలో తెలియలేదు. నాలుగడుగులు వేశారు, అయిదో అడుగుకి ఆయనే ఎడమకి వాలిపోయారు. చుక్కడి భుజం మీద పడ్డారు. చుక్కడు బెదరలేదు. రోజూ వాగు దారిలో చేసేదే కదా! భుజం ఆనించి, మెల్లగా ఆయన్ని కుడికి నెట్టి చాల్లో పెట్టాడు. మళ్ళీ తడబడ్డారు, మళ్ళీ పెట్టాడు. దుంగ గట్టెక్కలేదు.

చాలు చివర మేష్టారు ఆగి రొప్పుతూ పెద్దగా నవ్వారు. "ఒరే చుక్కా, అలవాటు లేని పక్కన నడవడం ఎంత కష్టమో ఇవాళ తెలిసిందిరా! ఎన్నాళ్ళు పడ్డావురా ఈ బాధ?"

"నాకు రాదేమో అనుకున్నాను మేష్టారూ," అన్నాడు చుక్కడు. బడికొచ్చిన ఇన్నాళ్ళలో వాడు మనసులో మాట చెప్పింది అదే మొదలు.

ఏరువాక దాకా రోజూ సాధన చేశారు. పుల్లమ్మని వాగుకి తీసుకెళ్ళడానికి మేష్టారు మిగతా దూడలకి వంతులు వేశారు. ఎడమపక్క నడవాలని వాటికి చుక్కడే నేర్పాడు. వంకరోడని నవ్విన దూడలే, "ఎంత దూరం జరగాలిరా? భుజం ఎక్కడ ఆనించాలిరా?" అని వాడి చుట్టూ తిరిగాయి.

ఏరువాక వచ్చింది. చుక్కడు మొదటి చాలు తిన్నగా నడిచాడు. రెండో దాంట్లో మందని చూసి కొంచెం తడబడ్డాడు, మేష్టారి భుజానికి ఆనుకుని సర్దుకున్నాడు. మూడోది గీత గీసినట్టు వచ్చింది. ఊరు ఊరంతా మోరలెత్తి అరిచింది. అరుపులు సద్దుమణిగాక మేష్టారు పుల్లమ్మ కంటి సంగతి దాచకుండా చెప్పి, "ఇక మీద చాలు రానివాళ్ళనీ, చూపు లేనివాళ్ళనీ గుట్టకి తోలే కట్టుబాటు ఉండదు. ఉండాలన్నవాళ్ళు ముందు ఎందుకో చెప్పండి" అన్నారు. ఊరంతా ఒప్పుకుని కొమ్ములు వంచింది.

సరిగ్గా అప్పుడే జంబయ్య వచ్చాడు, దిగులు మొహం తగిలించుకుని. వాడు చాళ్ళు చూడలేదు. చూడాల్సిన పనేముంది, ఫలితం వాడికి ముందే తెలుసు కదా!

"అయ్యో పాపం చుక్కా! బాధపడకు నాయనా, కొండబడి ఉందిగా. పద."

పుల్లమ్మ కొమ్ములు దించబోయింది. మేష్టారు కనుసైగతో ఆపారు.

"వచ్చావా జంబయ్యా! నీ కోసమే చూస్తున్నాం. మెత్తటి గడ్డి, చల్లటి నీడ అన్నావే, అంత మంచి బడికి వాడొక్కడే ఎందుకు? వాళ్ళమ్మా, నేనూ కూడా వస్తాం. బడి చూసి, అక్కడి మేష్టారితో రెండు మాటలు మాట్లాడి వస్తాం."

జంబయ్య చెవులు దించాడు. "అక్కడికి... పెద్దవాళ్ళని రానివ్వరండీ."

"ఎందుకు?" అంది ఎందుకమ్మ.

"చదువు చెడుతుందని."

"ఎందుకు చెడుతుంది?"

"అది... వాళ్ళ పద్ధతి."

"ఎందుకా పద్ధతి?" ఈసారి అడిగింది ఎందుకమ్మ ఒక్కతే కాదు. దూడలన్నీ ఒక్క గొంతుతో అడిగాయి. వెనక నుంచి ఆవులడిగాయి. ముసలి కోతి కూడా అడిగింది.

"మేమూ చూస్తాం! మేమూ చూస్తాం!" అంటూ ఊరంతా లేచింది. జంబయ్య వెనక్కి చూస్తే కొమ్ములు, కుడికి చూస్తే కొమ్ములు, ఎడమకి చూస్తే కొమ్ములు. ముందు మాత్రమే దారి, అది గుట్ట మీదికే. ఏడవలేక నవ్వుతూ నడిచాడు.

పైన గుహ దగ్గర తోడేలు నాలుక చప్పరిస్తూ కూర్చుని ఉంది. పొదల చాటు నుంచి జంబయ్య తల కనబడగానే, "తెచ్చావా! ఏదిరా దూడ?" అంటూ బయటికి దూకింది. జంబయ్య వెనక చుక్కడు కనబడ్డాడు. చుక్కడి వెనక పుల్లమ్మ, ఆవిడ పక్కన మైలెద్దు మేష్టారు, వాళ్ళ వెనక గుట్ట గుట్టంతా కొమ్ములు.

"ఒక్క దూడని తెస్తానని ఊరిని తోలుకొచ్చావట్రా ద్రోహీ!" అని తోడేలు గావుకేక పెట్టింది.

"ఓహో, కొండబడి మేష్టారు మీరేనా?" అన్నారు మైలెద్దు మేష్టారు, కొమ్ములు వంచుతూ. అది పలకరింపు కాదని తోడేలుకి వెంటనే అర్థమైంది. తోక ముడిచి గుట్టకి అవతలివైపు దూకింది. జంబయ్య దాని వెనకే పరిగెత్తాడు. అవతలకి దిగాక తోడేలు ఆగి, వెనక్కి తిరిగి, వాడికేసి చూసింది. "నా నోటి దగ్గర కూడు తీసి నన్నే కొమ్ములకి అప్పజెబుతావా?" అని వాడి మీద పడింది. మళ్ళీ ఆ గుట్ట చుట్టుపక్కల తోడేలూ కనబడలేదు, సలహాలిచ్చే నక్కా కనబడలేదు.

అందుకే అంటాను, పిల్లవాడికి చదువు రాలేదంటే వాడి బుర్ర తట్టి చూసేముందు, వాళ్ళింటివాళ్ళూ బడివాళ్ళూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్నారో లేదో చూడండి.